నూట పద్నాలుగో ఊరు

"నది ఎక్కడుంది?"

కూతురు ఆ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది ఆరోసారి. మొదటి రెండుసార్లూ గట్టిగా అడిగింది. తరవాత మామూలుగా అడిగింది. ఇప్పుడు టీ కప్పు కడుగుతూ, కుళాయినే అడుగుతున్నట్టు అడిగింది.

అల్లుడు బ్రెడ్డుముక్క మీద వెన్న రాస్తున్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

"ఊళ్ళోనే ఉంది," అన్నాడు.

"ఏ ఊళ్ళో?"

మళ్ళీ వెన్న.

బల్లకి ఆ చివర కూర్చున్న మాస్టారు తన ముందున్న పేపర్లోకి తల వంచారు. అది రెండు ఆదివారాల కిందటి పేపరు. చదవడానికి అందులో కొత్తగా ఏమీ లేదు. కానీ తల దాచుకోవడానికి ఇంకేం దొరకలేదు. పేజీ పైన కూతురి శీర్షిక, 'పొద్దున వెళ్ళి సాయంత్రానికి'. నాలుగున్నరేళ్ళుగా రెండు వారాలకోసారి వస్తోంది. నగరానికి గంట, రెండు గంటల దూరంలో ముచ్చటైన చిన్న ఊరు ఒకటి ఎంచుకోవడం, శనివారం ఇంటిల్లిపాదీ కారేసుకుని వెళ్ళి చూసి రావడం, ఆమె కూర్చుని రాయడం. ఇంట్లో ఆ ఊళ్ళని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇరవై రెండు, ముప్ఫై ఏడు, డెబ్భై అంటారు. పేపర్లో ఉన్నది నూట పద్నాలుగు.

నూట పద్నాలుగులో నది ఉందని ఆమె రాసింది. పాఠకులు వెళ్ళారు. నది లేదు.

"ఈవిడెవరో పిల్లల్ని వేసుకుని వెళ్ళిందట," అంది కూతురు ఫోను తీసి. "వినండి. 'మీరు రాసిన నది కోసం ఊరంతా తిరిగాం. చివరికి ఒకాయన మమ్మల్ని చూసి జాలిపడి వాళ్ళ పెరట్లో నీళ్ళట్యాంకు చూపించాడు.'"

అల్లుడి పెదవి చివర కాస్త కదిలింది.

"నవ్వుతున్నారా?"

"లేదు."

"నవ్వండి. ఊరంతా నవ్వుతోంది, మీరొక్కరూ ఎందుకు ఆగడం."

మొగుడి మీద కోపం వస్తే ఆమె 'మీరు' అంటుంది. నిన్న సాయంత్రం నుంచీ ఇంట్లో మీరే నడుస్తోంది.

"నాన్నా, నువ్వు చెప్పు. నువ్వూ వెళ్ళావుగా."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు కాలేజీ లాబొరేటరీలో డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసిన మనిషి. కంటితో చూసింది రాయండి, అనుకున్నది రాయకండి అని రెండు తరాల పిల్లలకి చెప్పారు. ఇప్పుడు పరీక్ష ఆయనకే వచ్చింది.

"నది ఉందమ్మా. చూశాను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తాడు కట్టి ఉంది. పడవతను తెడ్డు వెయ్యడు, తాడు పట్టుకుని లాగుతాడు."

"నేనూ లాగాను," అంది మనవరాలు గువ్వ. ఎనిమిదేళ్ళ పిల్ల. "చేతికి బొబ్బ కూడా వచ్చింది. నాన్న ఎవరికీ చూపించొద్దన్నాడు."

అల్లుడు కత్తి కింద పెట్టాడు.

"బొబ్బ చూపించొద్దన్నాడా," అంది కూతురు మెల్లిగా. "ఎందుకట?"

"నువ్వు కంగారుపడతావని."

"బొబ్బకా కంగారు నాకు. నాన్నా, ఊరి పేరున్న బోర్డు చూశావా నువ్వు? సూటిగా చెప్పు."

"బోర్డు చూడలేదమ్మా."

"తాతయ్య పడుకున్నాడు," అంది గువ్వ.

అదీ నిజమే. ఇంజను మోగితే చాలు, ఎవరో జోకొట్టినట్టు మాస్టారికి కళ్ళు మూతలు పడతాయి. ఆ శనివారం ఇంటిముందు కారెక్కారు, నదొడ్డున కళ్ళు తెరిచారు. మధ్యలో ఏం జరిగిందో ఆయనకి తెలియదు. నూట పద్నాలుగుకి బయల్దేరాం కాబట్టి ఇది నూట పద్నాలుగే అనుకున్నారు. అనుకున్నది, చూసినది కాదు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల రికార్డు పుస్తకాల్లో ఎర్రసిరాతో కొట్టేసిన తప్పు ఇదే.

ఆ రోజు కూతురు వెళ్ళలేదు. మెట్లమీద జారి కాలి చీలమండ బెణికి, కట్టుతో మంచం మీద ఉంది. చూడవలసిన వాటి పట్టీ రాసిచ్చి ముగ్గురినీ పంపింది. సాయంత్రం మొగుడు చెప్పాడు. ఆమె రాసింది.

"సరే," అని ఆమె అలమర పైనుంచి నీలం అట్ట నోటుపుస్తకం తీసి బల్లమీద తెరిచింది. "బయల్దేరేటప్పుడూ తిరిగొచ్చాకా కారు మీటరు చూసి రాయడం మనింట్లో అలవాటు. నూట పద్నాలుగు ఇక్కడికి తొంభై ఆరు కిలోమీటర్లు. పోనూ రానూ నూట తొంభై రెండు. ఆ రోజు మీ చేత్తో మీరు రాసింది నూట ఇరవై నాలుగు. మిగతా దూరం ఎగురుకుంటూ వెళ్ళారా?"

మాస్టారు కూడా వంగి చూశారు. అల్లుడి పొందికైన అంకెలు. లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో ఇంజనీరు. వెళ్ళిన ప్రతి చోటా తలుపు వెనక కార్డు మీద తేదీ, రీడింగు, సంతకం వేసి రావడం అతని పని. పెళ్ళానికి అబద్ధం చెప్పడానికి తెగించిన మనిషికి మీటరు దగ్గర తప్పు రాయాలని మాత్రం తోచలేదు. అంత గొడవలోనూ మాస్టారికి మనసు కాస్త కుదుటపడింది. ఎందుకు కుదుటపడిందో ఆయనకే అర్థం కాలేదు.

"అది నూట పద్నాలుగు కాదు," అన్నాడు అల్లుడు.

"మరి ఏది?"

"చెప్పను."

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. కూతురు వెళ్ళి గట్టిగా తిప్పి వచ్చింది.

"సాయంత్రం ఆరింటికల్లా ఎడిటరమ్మ ఫోను చేస్తుంది. నిన్న మీ ఎదురుగానే అందిగా. ఆ వర్ణించిన ఊరేదో పేరు చెబితే రేపటి పేజీలో సవరణ వేస్తుంది, గొడవ అక్కడితో పోతుంది. చెప్పలేకపోతే నేను లేని ఊరు కల్పించానని వేస్తుంది. శీర్షిక పోతుంది. తెలిసే చెప్పనంటున్నారా?"

"తెలుసు. చూపిస్తాను, పద. చూశాక నీ ఇష్టం. పేరు మాత్రం నా నోటితో చెప్పను."

"ఎందుకు?"

అతను లేచి కారు తాళాలు తీసుకున్నాడు.

*

కూతురు ఎప్పుడూ ముందు సీటులో కూర్చుంటుంది. ఇవాళ వెనక తలుపు తీసి గువ్వ పక్కన కూర్చుంది. మాస్టారు గుమ్మంలో కాసేపు తటపటాయించి, ఇంక దారి లేక ముందెక్కారు.

అల్లుడు వంగి ముందు సీటుని బాగా ముందుకి జరిపాడు, మాస్టారి మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగిలేంత. ఎందుకా అని చూస్తే, వెనక కూతురు బెణికిన కాలు చాపుకోవడానికి చోటు వచ్చింది. ఆమె చాపుకుంది. అతను అద్దంలో చూసి బండి కదిలించాడు. ఇంత మాత్రం మిగిలి ఉంటే చాలు అనుకున్నారు మాస్టారు, మోకాళ్ళు సర్దుకుంటూ.

ఇవాళ పడుకోకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా మణికట్టు గిల్లుకున్నారు.

"అమ్మా, తాతయ్య తనని తనే గిల్లుకుంటున్నాడు."

"గిల్లుకోనీ. ఈ ఇంట్లో ఒకళ్ళన్నా కళ్ళు తెరిచి ఉండాలి."

"నేను తెరుచుకునే నడుపుతున్నాను," అన్నాడు అల్లుడు.

"మీరు తెరుచుకునే తప్పిపోతారు."

నగరం చివరి గోదాములు దాటేసరికి మధ్యాహ్నం మూడయింది. ముప్ఫై కిలోమీటర్ల రాయి దగ్గర గువ్వ దాహమంది. అక్కడున్నది ముప్ఫై ఏడో ఊరు. గులాబిరంగు గోడల వీధి ఒకటి ఉంది ఇందులో. మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆ వీధిలో ఒక పిల్లి, ఒక సైకిలు, కిటికీలో దుప్పటి దులుపుతున్న ఒక ముసలావిడ, అంతే. మాస్టారికి బాగా జ్ఞాపకం. ఇప్పుడు వీధి మొదట్లో తాడు కట్టి కార్లు ఆపుతున్నారు. గోడకి ఆనుకుని ఫోటోలు తీయించుకోవడానికి జనం వరస కట్టారు. ఆ ముసలావిడ కిటికీ మీద 'గదులు లభించును' అని బోర్డు.

టీకొట్టు ఆవిడ నాలుగు గ్లాసులు తెచ్చి పెట్టింది.

"రద్దీగానే ఉందే," అన్నాడు అల్లుడు.

"శనివారమైతే ఊపిరాడదు బాబూ. ఎవరో మహాతల్లి పేపర్లో రాసిందట. అప్పట్నించీ పొయ్యి ఆరలేదు. కొట్టు మూసేసి కూతురి దగ్గరికి పోదామనుకున్న మనిషిని నేను. నా కాళ్ళమీద నేను నిలబడ్డాను."

కూతురు గ్లాసు అంచు మీదుగా మొగుణ్ణి చూసింది. విన్నారా అన్నట్టు.

"అందరికీ మంచే జరిగిందన్నమాట," అన్నాడతను.

"అందరికీ ఎక్కడ బాబూ. మా అక్క వాళ్ళు ఈ వీధిలోనే ఉండేవాళ్ళు, ఆ మూడో ఇల్లు. ఇంటాయన గదులు చేసుకుంటానని ఖాళీ చేయించాడు. ఇప్పుడెక్కడో ఊరవతల ఉంటోంది. నాతో మాట్లాడదు. నా టీకొట్టు మూలంగానే జనం ఆగుతున్నారంటుంది."

ఈసారి అల్లుడు చూశాడు. ఆమె తల తిప్పుకుంది.

ఇద్దరూ ఒకే మాట విన్నారు. చెరో సగం పట్టుకుని కారెక్కారు. మాస్టారికి రెండు సగాలూ మిగిలాయి. వాటిని ఎలా పట్టుకోవాలో తెలియక ఊరుకున్నారు.

ఇటుకల బట్టీ దాటాక అల్లుడు ఎడమకి తిప్పాడు. కంకర రోడ్డు. మలుపులో తుప్పుపట్టిన బోర్డు మీద ఊరిపేరు ఉంది. మాస్టారు చదివారు. వెనక కూతురు కూడా చదివిందని ఆయనకి తెలిసింది, ఆమె పెదవుల చప్పుడు వినబడింది. పైకి అనలేదు.

మీటరు మీద అరవై రెండు పడింది.

*

నది ఉంది. పెద్దదేం కాదు, ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున పలికేటంత. తాడు ఉంది. మెట్ల సందు ఉంది. గడియారాలు బాగుచేసే కొట్టు, పక్కన బొత్తాలూ దారాలూ అమ్మే ఆవిడ, అన్నీ కూతురు రాసినవి రాసినట్టే ఉన్నాయి. తను రాసిన వాక్యాల్లోకి తనే మొదటిసారి నడుస్తున్న మనిషిలా ఆమె ఒక్కొక్క దాని దగ్గరా ఆగింది. దారాలావిడ కళ్ళజోడు మీదుగా చూసి తన పని తను చేసుకుంది. ఫోటో తీస్తున్నవాళ్ళు ఎవరూ లేరు.

"బాగుంది," అంది కూతురు చివరికి. ఆ మాట అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టుంది. "బాగుంటే మాత్రం?"

పడవతను వాళ్ళని చూసి తాడు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"రండి ఇంజనీరు గారూ. కప్పు మీద పగిలిన పెంకులు మార్చేశాను. పంపు కూడా బాగుచేశారు. పోయిన శనివారం మీరొక్కరూ వచ్చి వెళ్ళాక ఆ రెండు పనులే మిగిలాయి. అమ్మగారు వీరేనా?"

"ఎవరి కప్పు?" అంది కూతురు.

పడవతను నాలుక కరుచుకున్నాడు.

పోయిన శనివారం అల్లుడు ఆఫీసు పనుందని చెప్పి వెళ్ళాడు. మాస్టారికి గుర్తుంది. వెళ్ళేటప్పుడు పెద్ద బ్రష్షూ, సున్నం బకెట్టూ కారులో పెట్టుకుంటుంటే, లిఫ్టులకి వెల్ల కూడా వేస్తారు కాబోలు అనుకున్నారు. అనుకున్నారు, అడగలేదు.

పడవ ఎక్కారు. గువ్వ తాడు లాగింది. ఆ ఒడ్డున రెండు గదుల ఇల్లు ఒకటి, ముందు సిమెంటు అరుగు, గోడలకి కొత్తగా వెల్ల. వేసింది పనివాడు కాదని చూస్తేనే తెలుస్తోంది. కింద బాగా దట్టంగా వేసి, పైకి పోయేకొద్దీ పలచబడింది.

"ఇంటాయన ఈ కాగితం మీకిమ్మన్నాడు," అని పడవతను చొక్కా లోపలి నుంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఎవరికివ్వాలో తెలియక నలుగురి మధ్యలో పట్టుకున్నాడు. కూతురు అందుకుంది.

అద్దె ఒప్పందం. పదకొండు నెలలకి. కింద అల్లుడి సంతకం. దాని కింద 'సాక్షి' అన్న మాట పక్కన ఇంకో సంతకం.

"నాన్నా."

"ఏమ్మా?"

"ఇది నీ సంతకం."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తన సంతకమే. అంతే అయితే బాగుండును. దాని కింద గుండ్రటి అక్షరాలతో ఇంకో రెండు వరసలు ఉన్నాయి. 'చాలా ప్రశాంతమైన చోటు. గాలి బాగుంది. నిర్వాహకులకు అభినందనలు.'

వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు సందర్శకుల పుస్తకం ముందుకు తోస్తారు. మాస్టారి దస్తూరి బాగుంటుందని ఆ పని ఆయనకే వదిలేశారు. నూట పదమూడు ఊళ్ళలో నూట పదమూడు రకాలుగా మెచ్చుకున్నారు. ఆ రోజు కూడా ఇదే అరుగు మీద ఎవరో పెద్దమనిషి కాగితం పెట్టి, ఇక్కడ రాయండి మాస్టారూ అన్నాడు. రాశారు.

"ఇంటాయన అది చూసి చాలా సంతోషించాడండీ," అన్నాడు పడవతను, వాతావరణం తేలిక చేద్దామని. "ఇల్లు అద్దెకిచ్చినందుకు అభినందించినవాళ్ళు ఇంతవరకూ లేరట."

కూతురి ముఖం నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది.

"నీకు తెలుసా నాన్నా?"

"తెలియదమ్మా. తెలియకుండా పెట్టాను."

"తెలియకుండా సాక్ష్యం చెప్పేవాడు ఇంకెవరుంటారు," అని ఆమె కాగితం మడిచింది. పడవతను ఇదే అదను అనుకుని గువ్వని పిలిచి పడవ దగ్గరికి తీసుకుపోయాడు. పసిపిల్ల చెవిన పడకూడని మాటలు వస్తాయని అతనికి అర్థమైంది. ఆ మనిషి పేరైనా అడగలేదే అనుకున్నారు మాస్టారు.

"మావయ్య గారి తప్పేం లేదు," అన్నాడు అల్లుడు. "ఆయన పుస్తకం అనుకుంటున్నారని నాకు తెలుసు. చెప్పలేదు."

"ఎప్పట్నించీ ఈ ఆలోచన?"

"ఆలోచనేం లేదు. పెట్రోలు కోసం పక్కకి తిరిగాను, దారి తప్పాను. ఈ ఊరొచ్చింది. గువ్వ పడవ చూసి దిగుతానంది. మావయ్య గారు నిద్ర లేచి, అబ్బ, ఎంత బాగుందో అన్నారు. ఇంక అక్కడినుంచి నూట పద్నాలుగుకి వెళ్ళాలనిపించలేదు."

"నాకెందుకు అలా చెప్పారు మరి?"

"సాయంత్రం వచ్చేసరికి కాలు దిండు మీద పెట్టుకుని, ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్నుతో ఎదురుచూస్తున్నావు. ఏం చూశారంటే ఏదో ఒకటి చెప్పాలిగా. కల్పించి చెప్పడం నాకు రాదు. చూసింది చెప్పాను. ఊరొక్కటీ మార్చాను."

"ఊరొక్కటీనా."

"అవును."

"భార్యాభర్తల మధ్య చెప్పుకోవాల్సిన విషయం కాదా ఇది? ఇల్లు తీసుకున్నాను అని ఒక్క మాట."

అతను గోడమీద తను వేసిన వెల్లకేసి చూశాడు.

"చెబితే రాస్తావు," అన్నాడు.

నదిమీద తాడు కిర్రుమంటూ జారుతున్న చప్పుడు వచ్చింది.

"రాయొద్దని ఒక్కసారి అని చూశారా?" అంది ఆమె. గొంతు బాగా తగ్గింది.

"అంటే నీ పని నాకు నచ్చలేదనుకుంటావు."

"నచ్చిందా?"

"నువ్వు రాసింది ప్రతిదీ నచ్చింది. రాశాక ఆ ఊళ్ళకి జరిగింది నచ్చలేదు. వారమంతా లిఫ్టు గోతుల్లో నిలబడతాను. పైకీ కిందకీ, పైకీ కిందకీ. ఏ పేజీలోనూ లేని చోటు ఒకటి కావాలనిపించింది. నీకు తెలియని చోటు అని కాదు. అలా అయింది."

"అలా అయింది. మరి ఆ టీకొట్టు ఆవిడ?"

"అదీ నిజమే. కాదనడం లేదు."

"ఇంతకీ ఇది శనివారాలకా, ఎప్పటికీనా?"

"తెలీదు."

"తెలీకుండానే సంతకం పెట్టారా?"

"పెట్టాక తెలుస్తుందనుకున్నాను."

"మా నాన్నే నయం. పుస్తకమనుకుని పెట్టాడు."

మాస్టారు అరుగు చివర కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నారు. భార్య బతికున్న రోజుల్లో బీరువాలో ఒక సొరుగు ఆమెది. తాళం వేసి ఉండేది. అందులో ఏముందని ఆయన ఏనాడూ అడగలేదు. ఆమె పోయిన తరవాత తీసి చూస్తే ఏమీ లేదు, అడుగున పరిచిన కాగితం తప్ప. ఖాళీ సొరుగుకి ఇరవయ్యేళ్ళు తాళం వేసుకుంది. ఆ సంగతి ఇప్పుడు కూతురికి చెబుదామా అనుకున్నారు. చెబితే అది మొగుడి పక్షాన మాట్లాడినట్టవుతుందా, అసలు ఆ రోజుల్లో అడగకపోవడం తన మంచితనమా, అజాగ్రత్తా? ఎటూ తేలలేదు.

ఎండ గోడ మీంచి దిగిపోతుండగా ఫోను మోగింది. ఆరుకి ఇంకా పదినిమిషాలుంది. ఎడిటరమ్మ కాస్త తొందర మనిషి.

కూతురు స్పీకరు పెట్టి ఫోను అరుగు మీద ఉంచింది. అందరూ వినాలనేమో.

"దొరికిందామ్మా ఊరు?"

"దొరికిందండీ. ఇప్పుడు అక్కడే ఉన్నాను."

"అమ్మయ్య. నిన్నటి నుంచీ నాకు తిండి సయించలేదనుకో. ఉన్న ఊరే కదా, పొరపాటున పేరు మారింది, అంతే. రెండు వాక్యాల్లో సరిపోతుంది. పాఠకులు ఇంకా సంతోషిస్తారు. చెప్పు, రాసుకుంటున్నాను."

అల్లుడు లేచి నిలబడ్డాడు. చూశాక నీ ఇష్టం అని ఇంట్లో తనే అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నదికేసి తిరిగాడు. గువ్వ అప్పుడే పడవ దిగి పరిగెత్తుకొచ్చి తాతయ్య వేలు పట్టుకుంది.

"వినబడుతోందా? ఊరి పేరమ్మా."

కూతురు అవతలి గట్టు చూసింది. మెట్ల సందులో దారాలావిడ బయట పెట్టిన బల్ల లోపలికి తీసుకుంటోంది.

"పేరు చెప్పలేనండీ."

"అదేమిటి? అక్కడే ఉన్నానన్నావు."

"ఉన్నాను. కానీ నేను రాసేనాటికి లేను. నూట పదమూడు ఊళ్ళు నా కళ్ళతో చూసి రాశాను, ఇదొక్కటీ చూడకుండా రాశాను. ఆ మాటే వెయ్యండి. ఊరు కల్పన కాదు, మనిషి వెళ్ళకుండా రాసింది, తప్పు ఆవిడదే అని వెయ్యండి."

"పేరు చెబితే తేలిపోయేదానికి ఇంత ఎందుకమ్మా?"

"తేలదండీ."

ఫోనులో ఎవరో టైపు కొడుతున్న చప్పుడు వచ్చింది.

"ఇలా వేశాక నీ పేజీ నేను నిలబెట్టలేను తల్లీ. పైవాళ్ళు ఒప్పుకోరు. ఇంకో పది నిమిషాలుంది, ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను. ఉంటానండీ."

ఆమె ఫోను తీసి కాగితంతో పాటు సంచిలో పెట్టుకుంది. అల్లుడు ఇటు తిరిగాడు. అతను కోరుకున్నదే జరిగింది. అయినా ఇల్లు కూలినవాడిలా ఉన్నాడు.

"నేను అది కావాలని..." అన్నాడు.

"మీ కోసం చెయ్యలేదు. ఎవరి కోసం చేశానో నాకూ తెలీదు. నన్ను ఇప్పుడేమీ అడక్కండి. తాళంచెవి ఇవ్వండి."

అతను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కుంటుకుంటూ వెళ్ళి తాళం తీసి, లోపలికి పోయి, తలుపు మూసుకుంది.

ముగ్గురూ అరుగు మీద మిగిలారు. లోపల అడుగుల చప్పుడు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అమ్మ ఇల్లు చూస్తోందా, ఏడుస్తోందా?" అంది గువ్వ.

"ఏమో అమ్మలూ."

"నీకేమీ తెలీదు తాతయ్యా."

"అవును," అన్నారు మాస్టారు.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. మనిషి కనబడలేదు, గొంతు మాత్రం వచ్చింది.

"నాన్నా. నువ్వొక్కడివే లోపలికి రా."

మాస్టారు అల్లుడికేసి చూశారు. అతను తల దించుకుని, "వెళ్ళండి మావయ్య గారూ," అన్నాడు. లేచారు. గువ్వ వేలు వదల్లేదు. రెండు చేతులతోనూ పట్టుకుని, వదలకూడదని మనసులో గట్టిగా అనుకున్న పిల్లలా కళ్ళు మూసుకుంది. తలుపు అంతే తెరిచి ఉంది. ఆ వేలు ఎలా విడిపించుకోవాలో ఆయనకి తోచలేదు.